నేను మేస్త్రమ్మనైన సాయంత్రం

ఆ రోజుల్లో అంటే మరీ నా జుట్టు నెరిసిపోయేంత వెనక్కి పోనక్కర్లేదు. ఫోను వెనక రెండు కెమెరాలుంటే వాడకట్టంతా తిరిగి చూపించుకునే రోజులవి. డిగ్రీ పట్టా చేతికొచ్చిన ఆడపిల్లకు లోకమంతా తనకోసం కుర్చీ వేసి ఎదురుచూస్తోందని గట్టి నమ్మకం ఉండేది. (మిగతావాళ్ళ సంగతి తెలియదు, నాకైతే ఉండేది.) నన్ను ఇంకాస్త చెడగొట్టడానికి అన్నట్టు ఒకే వారంలో రెండు ఉద్యోగాలు నా ముందుకొచ్చాయి. ఒకటి వనపర్తిలో పల్లీల మిల్లులో లెక్కలు రాసే పని. జీతం చెప్పుకునేటంత లేదు గానీ మధ్యాహ్నం అన్నం సేటు వాళ్ళింటి నుంచే వస్తుంది, ఉండడానికి వాళ్ళ మేడమీద గది ఇస్తారు, ఆదివారం మిల్లు మూసేస్తారు, పీర్ల పండుగకు సేటే దగ్గరుండి బస్సెక్కిస్తాడు. రెండోది గద్వాలలో ఒక విత్తనాల కంపెనీలో. దాని హోదా ఫీల్డ్ ఎగ్జిక్యూటివ్. ఆ రెండు మాటలను అద్దం ముందు నిలబడి ఎన్నిసార్లు పలికానో అద్దానికే తెలియాలి. నాగర్‌కర్నూల్‌లో ఉండే మా మేనమామ అయితే ఫోన్లోనే తీర్పు చెప్పేశాడు. "జీతం ఏడ ఎక్కువుంటే ఆడ పో పిల్లా. తిండి పెడ్తరు, జాగ ఇస్తరు అని సూసుకుంట కూసుంటే గాడ్నే ఉంటవ్" అన్నాడు.

మా ఊరు పాన్‌గల్ దగ్గర. అమ్మా నాయినా పుణె దిక్కు బిల్డింగుల పనికి పోయి ఏడాదికి ఒక్కసారి పీర్ల పండుగకే వచ్చేవాళ్ళు. ఇంట్లో నేనూ, మా అవ్వా. పనికి మనిషిని కుదుర్చుకునేటప్పుడు ఇంటి పెద్దలు వెంట వచ్చి, కూలీలను తీసుకుపోయే మేస్త్రితో ముందే అన్నీ మాట్లాడుకోవడం మా దగ్గర రివాజు. కాలువలు తవ్వి, రోడ్లు పోసి, ఎందరో మేస్త్రుల వెంట తిరిగిన మా అవ్వకు ఇంటర్వ్యూ అయినా, కాలువ పని అయినా ఒకటే. వద్దంటే వినకుండా కొత్త చీర కట్టుకుని గద్వాల బస్సెక్కింది. మేనేజరు టై కట్టుకుని ఉన్నాడు. (అందుకే ఆయన మా ఇంట్లో ఇప్పటికీ టై సారే.) అవ్వ ఆయన ఎదుటి కుర్చీలో నాకంటే ముందు కూర్చుని, "సారూ, తిండి ఎవరిది?" అని మొదలుపెట్టింది. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. ఎవరి తిండి వాళ్ళదేనన్నాడు ఆయన ఓపికగా. "పండుకునే జాగ?" రూము మేమే చూసుకోవాలట. "ఒంట్ల బాగలేకుంటె దవాఖాన?" కార్డు ఉంటుందట. "మరి పీర్లకు ఇంటికి తోలిస్తరా?" అన్న ప్రశ్నకు ఆయన గోడమీది క్యాలెండరు చూసి తల అడ్డంగా ఊపాడు.

"అప్పుడు క్రాసింగ్ జోరుమీద ఉంటదమ్మా. ఎవ్వరికీ సెలవుండదు."

క్రాసింగ్ అంటే విత్తనపత్తి చేలల్లో మొగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు చేత్తో అంటించే పని. మనకు పండుగ వచ్చిందని పువ్వు పూయడం ఆపదు కదా, ఆ రోజుల్లో ఒక్క పొద్దు కూడా పని ఆగదు. ఆ తర్వాత ఆయన జీతం చెప్పాడు. మిల్లు జీతానికి దాదాపు రెండింతలు! నా గొంతు అక్కడికక్కడే పడిపోయింది. నీళ్ళు తాగాను. ఇంకొక్క ప్రశ్న అంటూ, "మీ ఊరి నుంచి క్రాసింగ్ పనికి ఆడోళ్ళు ఎంతమంది వస్తరు?" అని అడిగాడు. మా ఊరి గొప్పతనం అడుగుతున్నాడనుకుని, "చాలామంది సార్, అందరూ మాకు చుట్టాలే, నా మాటంటే పడి చస్తారు" అని ఉత్సాహంగా చెప్పాను. ఆయన నవ్వి, సోమవారం లోపల ఏ సంగతీ చెప్పమన్నాడు. అవ్వ ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది. పండుగ సెలవు లేదని అంతసేపూ ముడుచుకుని ఉన్న ముఖం ఎందుకు వెలిగిందో నాకు అర్థం కాలేదు. బస్సులో ఎన్నిసార్లడిగినా, "ఏం లేదు బిడ్డా" అని కిటికీలోంచి చేలు చూస్తూ ముసిముసిగా నవ్వుకుంది.

బస్సు దిగగానే నేను నీళ్ళకు పోయాను, అవ్వ ఊరి మీద పడింది. నేను బిందెతో నీళ్ళు మోసుకుని ఇంటికొచ్చేసరికి వాకిట్లో మనుషులు! అందరూ ఆడవాళ్ళే. ఎవరైనా పోయారేమోననుకున్నాను. చూస్తే మధ్యలో మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసి ఉంది. అవ్వ నా చేతిలో బిందె అందుకుని, నన్ను తీసుకుపోయి ఆ కుర్చీలో కూర్చోబెట్టింది.

"మా ఇంట్ల ఎప్పటిసందో మేస్త్రుల ఎంట తిరుగుడే. గిప్పుడు మేస్త్రే మా ఇంట్ల పుట్టింది!" అంది నలుగురికీ వినపడేటట్టు.

"మేస్త్రి ఏందవ్వా! నేను ఫీల్డ్ ఎగ్జిక్యూటివ్!"

"అదేనే. ఇంగ్లీషుల గట్లంటరు."

నాకు కోపం వచ్చి అందరి ముందే టై సారుకు ఫోన్ చేశాను. కూలీలను కుదిర్చే పని వేరేవాళ్ళది కదా సార్ అని అడిగాను. "లేదమ్మా, అదే మీ పని. మనుషులను ఊరి నుంచి తేవాలె, క్రాసింగ్ అయిపోయేదాక ఒక్కరు గూడ పోకుండ సూసుకోవాలె. అందుకే గదా అంత జీతం" అన్నాడాయన చల్లగా. నా చదువు చూసి పిలిచారనుకున్నాను. చూసింది మా ఊరి పేరన్నమాట! ఫోన్ పెట్టేశాను. వాకిట్లో వాళ్ళకు నా దిగులేం పట్టింది? మేస్త్రమ్మ ఫోను మాట్లాడడం అయిపోయిందని ప్రశ్నలు మొదలుపెట్టారు. అడ్వాన్సు ఇస్తవా అని ఒకామె, గుడిసెలా రేకులా అని ఒకామె, కట్టెలు మీరే ఇయ్యాలె అని ఇంకొకామె. పొద్దున అవ్వ అడుగుతుంటే సిగ్గుతో చచ్చిపోయిన ప్రశ్నలన్నీ ఇప్పుడు వరసగా నన్నే అడుగుతున్నారు. పొద్దున టై సారుకు చూడడానికి కనీసం క్యాలెండరైనా ఉంది, నాకు అదీ లేదు.

చివరికి మా పక్కింటి చిన్నమ్మ లేచింది. చిన్నప్పుడు అమ్మా వాళ్ళు పనికి పోయినప్పుడు నాకు తలదువ్వి బడికి పంపిన మనిషి. ఆమె కొడుకు హైదరాబాద్ హాస్టల్లో ఉండి పండుగకే వచ్చేవాడు.

"నాకు గవేం వద్దు పిల్లా. పీర్లకు తోలిస్తవా లేదా, గదొక్కటి చెప్పు. నువ్వు ఊ అంటె నేను నీ ఎంటనే వస్త" అంది.

నేను ఆ కుర్చీలోంచి లేచాను. జీతం ఎక్కువా, సౌకర్యాలు ఎక్కువా అని వారం రోజులుగా నా ఒక్కదానికోసమే బేరీజు వేసుకుంటున్నాను. చిన్నమ్మ పండుగ ఆపినందుకు నాకు రెండింతల జీతం వస్తుందని నా బుర్రకు తట్టనేలేదు. అమ్మా నాయినా పుణెలో ఇట్లాగే ఎవరో మేస్త్రి ముందు నిలబడి ఉంటారు కదా అనిపించింది. అంతే, నాకు నిజంగా భయమేసింది. తెల్లారగానే గద్వాలకు రానని చెప్పి, వనపర్తి సేటుకు వస్తానని ఫోన్ చేశాను.

ఊరికి కాదు గానీ, నా నిర్ణయం మా అవ్వకు పిడుగుపాటే అయింది. "నీకేమన్న పిస పట్టిందా? కుర్సీల కూసుండవెడ్తమంటె పల్లీల దుమ్ముల పోయి పడ్తవా?" అని కొంగు నోట్లో కుక్కుకుంది. నేను పండుగకు ఇంటికొస్తానని చెబితే సంతోషిస్తుందనుకున్నాను. "పండుగదేముంది, ఏటేటా వస్తది. మేస్త్రిగిరి వస్తదా?" అంది! జీవితమంతా పండుగకు తోలిస్తానన్న మేస్త్రినే వెతుక్కుంటూ తిరిగిన మనిషి అన్న మాట అది. నేను మిల్లులో చేరినా, మొదటి జీతం తెచ్చి ఇచ్చినా ఆమె కోపం పోలేదు.

పీర్ల పండుగ వచ్చింది. సేటు అన్న మాట ప్రకారం బస్సెక్కించాడు. అమ్మా నాయినా కూడా వచ్చారు. పీర్ల ముందు నిప్పులు వేసే అలాయి గుండం చుట్టూ డప్పులు మోగుతుంటే, బెల్లం కలిపిన మలీద ముద్ద నోట్లో పెట్టుకుని నేను చిన్నమ్మ కోసం వెతికాను. నేను కాదన్నాను గనక ఆమె పండుగ నిలబడిందన్న గర్వం లోపల లేకపోలేదు. ఆమె కనపడలేదు. ఆమె కొడుకు ఒక్కడే తాళం వేసిన ఇంటి గడపమీద కూర్చుని ఉన్నాడు. వేరే మేస్త్రి వచ్చాడట, అదే గద్వాలకు, అదే కంపెనీ చేలల్లోకి తీసుకుపోయాడట, పండుగకు తోలియ్యలేదట. అప్పటికప్పుడు ఆమెకు ఫోన్ చేశాను.

"డప్పులు ఇనవడుతున్నయ్ పిల్లా. జర ఫోను అటు దిక్కు పెట్టు" అంది చిన్నమ్మ. పెట్టాను. కాసేపు విని, "నువ్వే మేస్త్రివి అయ్యింటె ఆ టై సారుతోని కొట్లాడన్న ఒక్క దినం తోలిస్తుంటివి" అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది.

ఇప్పుడు నాకు ఇంకాస్త వయసొచ్చింది, మిల్లులో జీతం కూడా కాస్త పెరిగింది. ఇప్పుడైతే ఆ టై సారు ముందు కూర్చుని నా జీతం సంగతి తర్వాత, ముందు మా చిన్నమ్మ సెలవు సంగతి తేల్చమని గట్టిగా అడుగుదును. అయినా ఆ రెండింతల జీతం విని గొంతు పడిపోయిన ఆ పిల్లకు మాటెట్లా వస్తుంది? పాపం, నీళ్ళు తాగడం తప్ప ఆమెకేం తోచలేదు.