తడి బూట్లు

ఆ మేడ మీద పిల్లలందరికీ ఆవిడ పిన్నే. మూతపడ్డ ప్రింటింగ్ ప్రెస్సు పైన, ఇల్లూ వాకిలీ లేని ఆడపిల్లలు తలదాచుకోవడానికి ఇనప మంచాలు వేసిన హాలు అది. ఏళ్ల తరబడి వార్డెన్‌గా చేసి పిన్ని ఒక్క సంగతి పట్టుకుంది: వీధిలో బతికిన పిల్ల కాళ్లకున్నవి విప్పకుండానే నిద్రపోతుంది. విప్పితే ఎవరైనా ఎత్తుకుపోతారని, పరుగెత్తాల్సి వస్తే చేతికందవని భయం. పిన్ని విప్పమనదు. మట్టికొట్టుకున్న దుప్పట్లు నడుం పట్టుకుని ఉతుక్కుంటుంది. ఎప్పుడు విప్పితే అప్పుడే ఆ పిల్ల వచ్చినట్టు లెక్క.

అడుగుల చప్పుడైతే చాలు లేచి కూర్చునే పిల్లనొకదాన్ని అందరూ ‘పిల్లి’ అనేవారు. వచ్చిన ఇన్నాళ్లకు, ఒక రాత్రి బూట్లు విప్పి మంచం కింద పెట్టింది. పిన్ని చూసింది. తన దిష్టే తగులుతుందేమోనని ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే పిన్ని కూరగాయలు తెచ్చేసరికి పిల్లి మంచం ఖాళీ. బూట్లేమో పిట్టగోడ మీద నీళ్లోడుతున్నాయి.

“ఎవరు తీశారివి?”

“నేనేనమ్మా,” అన్నాడు కొత్తగా చేరిన వాచ్‌మన్ తాత, మురిసిపోతూ. “ఒకటే కంపు. పడుకున్న పిల్లని లేపడమెందుకని తెచ్చి శుభ్రంగా తోమాను.”

“నీ శుభ్రం తగలెయ్య!” పిన్ని మెట్ల మీద కూలబడింది. అంతకన్నా తిట్టే ఓపిక లేదు. “లేచి చూస్తే బూట్లు లేవు. మనమే తీసేసి పొమ్మన్నామనుకుంది, తాతా.”

తాత మొహం మాడిపోయింది.

ఖాళీ మంచం చీకటిపడేదాకే ఆగుతుంది. ఆపైన గేటు దగ్గర కాచుకున్న పిల్లకి ఇచ్చెయ్యాలి. ఆ నియమం పిన్ని పెట్టిందే. బూట్లు సంచిలో వేసుకుని బయల్దేరింది. బస్టాండంతా గాలించింది. మోకాళ్లు మొరాయించాయి. ఎండ దిగుతుండగా పార్సిల్ ఆఫీసు వెనక కనిపించింది పిల్లి, అరికాళ్లకు అట్టముక్కలు కట్టుకుని.

పిన్ని చతికిలబడి బూట్లు ముందుపెట్టింది.

“పొమ్మనాలంటే నోటితో అనొచ్చుగా,” అంది పిల్లి, ఇటు చూడకుండానే.

“తాత ఉతికాడే.”

“ఎవరు ఉతకమన్నారు?”

“నేనూ అదే అడిగాను. తన ఒంటిసబ్బంతా అరగదీశాడు. ఇక ఆయన స్నానం మానేస్తే ఆ కంపు మనమే భరించాలి.”

పిల్లి నవ్వలేదు. బూటు వాసన చూసింది. “నా మంచం ఇచ్చేశారా?”

“ఇప్పుడు నడిస్తే ఉంటుంది. ముందు నన్ను లేపు, లేవలేకపోతున్నాను.”

చీకటి పడుతుండగా చేరారు. గేటు దగ్గర మూటతో కూర్చున్న పిల్ల ఆశగా లేచి నిలబడింది. “రేపు చూద్దాం, తల్లీ,” అంది పిన్ని, ఆ కళ్లలోకి చూడలేక.

పిల్లి తడి బూట్లతోనే మంచమెక్కి ముడుచుకుంది. పిన్ని పాత పేపర్లు తెచ్చి ఆ కాళ్ల కింద పరిచింది.

తాత గుమ్మంలో నిలబడి గొణిగాడు: “నేను చెయ్యగలిగిందేమైనా ఉందామ్మా?”

“రేపు దుప్పటి ఉతుకు,” అంది పిన్ని, గోడకి చేరగిలబడుతూ. “దుప్పటి మాత్రమే.”