నర్సింలు సార్ చదివిన వెండి

గద్వాల బజారులో నగలు చేసే అవుసలి కుంపటి ముందు నుంచి నడిచినప్పుడల్లా బొగ్గుల మీద వెలిగారం కాలే వాసనకు నా కాళ్లు ఆగిపోతాయి. మూసలో ఎవరి వెండో కరుగుతుంటుంది. నర్సింలు సార్ గుర్తొస్తారు.

సార్ అమరచింత దగ్గర మా ఊరి బడిలో సోషల్ చెప్పేవారు. నేను ఆ ఊరి కోడలిని, బడిలో కొత్తగా చేరిన వాలంటీరును. ఆదివారం వస్తే చాలు, సార్ సంచి తగిలించుకుని చెలకల్లో పాతకాలపు కుండ పెంకులు ఏరుతూ తిరిగేవారు. మొదట్లో అందరితో పాటు నేనూ నవ్వాను. ఒక సంవత్సరం మా పల్లిచేలో నాగలికి ఏడు వెండి నాణేలు తగిలాయి. సార్ వాటిని అరచేతిలో పెట్టుకుని ఫోనుతో ఫొటోలు తీసుకున్నారు. "రోమ్ రాజు టైబీరియస్‌వి అమ్మా. గీ నాలుగు గుర్రాల రథం ఉన్నది మస్తు అరుదు. మన ఊరి దిక్కు కృష్ణ ఒడ్డుకు వాళ్లు వచ్చిండ్రంటే ఇన్నేండ్లు ఎవ్వరు నమ్మలే," అన్నారు. సోమవారం పురావస్తు శాఖ అధికారులను తీసుకొస్తానని, అందాకా భద్రంగా ఉంచమని మా అత్తమ్మకు చెప్పారు. ఆ నెలాఖరుకే ఆయన రిటైరు. ఆ సాయంత్రం అంచు చుట్టూ ఉన్న లాటిన్ అక్షరాలు అర్థం చెబుతూ నా చేత ఒక్కొక్కటే చదివించారు. అంత ఓపికగా నాకెవరూ ఏదీ నేర్పలేదు.

చదవడం వచ్చిందన్న సంబరం నన్ను ఊరుకోనీయలేదు. మర్నాడు పొద్దున్నే అత్తమ్మను కూర్చోబెట్టి, 'దేవుడైన అగస్టస్ కొడుకు' అని రాసుందని, ఆ అగస్టస్‌ను చనిపోయాక దేవుణ్ని చేశారని చెప్పాను. అత్తమ్మ తెల్లబోయింది. మా వైపు చనిపోయిన పెద్దల పేరున వెండి బిళ్ల చేయించి దేవుని గూట్లో పెట్టుకుంటారు. "పరాయోళ్ల పెద్దలను తెచ్చి మనింట్ల పెట్టుకుంటమా? మన పెద్దలు ఉంటరా ఇంక?" అంది. నేను నవ్వి పేపర్లు దిద్దుకోవడానికి కూర్చున్నాను. మధ్యాహ్నానికి ఆమె ఆ ఏడింటినీ అవుసలి దగ్గర కరిగించి, ఎల్లమ్మ తల్లి విగ్రహానికి వెండి కళ్లు చేయించి తెచ్చింది.

సోమవారం సార్‌తో వచ్చిన అధికారులు, నాణేలు కరిగిపోయాయని తెలిసి, ఆయన ఫోనులోని ఫొటోలు చూసి, ఇవి ఎక్కడివైనా కావచ్చు అని జీపెక్కారు. "అండ్ల ఏం రాసుందో అత్తమ్మకు నేనే జెప్పిన సార్," అన్నాను. తిడతారనుకున్నాను. తిట్టినా బతికిపోయేదాన్ని.

"సరిగ్గనే చదివినవా అమ్మా?" అని అడిగారు.

"సరిగ్గనే చదివిన సార్."

ఆయన తలూపి వెళ్లిపోయారు. తర్వాత ఆ సంచి పట్టుకుని ఎక్కడికీ పోలేదు. రెండేళ్లకు చనిపోయారు.

ఇప్పుడు సోషల్ నేనే చెబుతున్నాను. ఆ అక్షరాలు ఇప్పటికీ నాకు నోటికి వచ్చు. మన కృష్ణ ఒడ్డుకు కూడా రోమ్ వాళ్లు వచ్చారని మొన్న నోరు జారాను. "యాడుంది టీచర్, చూపియ్యుండ్రి," అంది ముందు బల్ల మీది పిల్ల. నేను బోర్డు వైపు తిరిగి, పుస్తకంలో ఉన్నది రాయడం మొదలుపెట్టాను.