మహారాజా కుర్చీలో రచయిత్రి

పుస్తకం ఒక్కటి అచ్చయితే చాలు, ఆ మర్నాటి నుంచి జనం మనల్ని వేరే రకంగా చూస్తారని గట్టిగా నమ్మిన రోజులు నాకూ ఉండేవి. నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరుగా కొత్తగా చేరాను. పగలంతా పిల్లల చేత పద్యాలు అప్పజెప్పించుకోవడం, సాయంత్రాలు కథలు రాసుకోవడం. అలా పోగుపడ్డ కథల్ని విజయవాడలో ఒక ప్రచురణకర్త పుస్తకంగా వేశారు. ఆవిడను అందరూ మేడం అనే పిలిచేవాళ్ళు. మాట తక్కువ, కళ్ళజోడు మీదుగా చూసే చూపు ఎక్కువ. పుస్తకం ఇంకా ప్రెస్సులో ఉండగానే నేను సంతకం సాధన మొదలుపెట్టాను. హాజరు పట్టీలో పెట్టే నా మామూలు సంతకం గుండ్రంగా, బుద్ధిగా ఉంటుంది. రచయిత్రి సంతకానికి ఒక విసురు ఉండాలి కదా. దొరికిన ప్రతి కాగితం మీదా ఆ విసురు కోసం ప్రయత్నించాను. (ఒక కాగితం మా హెడ్మాస్టరు గారి కంటబడింది. బ్యాంకువాళ్ళు నీ సంతకం కలవలేదన్నారా అమ్మా అని ఆయన నిజంగానే జాలిపడ్డారు.)

పుస్తకాల కట్టలు అప్పగించేటప్పుడు మేడం ఒక మాట అన్నారు. "ఇది నా సరదాకి వేశాను. దీన్ని ఎవరన్నా చదువుతున్నారని నాకు చూపించు, రెండోది వేస్తాను." రెండో పుస్తకానికి కథలు అప్పటికే నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి, దానికి పేరు కూడా పెట్టేసుకున్నాను. అది రాకపోతే నేను ఒక్క పుస్తకంతో ఆగిపోయిన టీచరమ్మనే అవుతానని భయం. మీ వైపు ఊళ్ళల్లోనే తిరుగు, వేదిక మీద ఒకరు ప్రశ్నలు అడగాలి, నువ్వు జవాబులు చెప్పాలి, ఆ తర్వాత పాఠకులు అడుగుతారు, చివర్లో సంతకాలు, అని ఆవిడే పద్ధతి చెప్పారు. నేను అద్దం ముందు నిలబడి జవాబులు తయారుచేసుకున్నాను. అన్నిటికన్నా నాకు నచ్చిన జవాబు, "ముగింపును పాఠకులకే వదిలేశాను" అన్నది. అది అనేటప్పుడు ఎటు చూడాలో కూడా నిర్ణయించుకున్నాను.

నన్ను ప్రశ్నలు అడిగే పెద్దమనిషి కోసం వెతుకుతుంటే మా బాబాయి ముందుకొచ్చాడు. ఆయనకి పేటలో షామియానా, మైకు సెట్టు షాపు ఉంది. పెళ్ళిళ్ళల్లో మైకు పట్టుకున్నాడంటే ఇక వదలడు. పుస్తకం చదివావా బాబాయ్ అంటే, చదవకపోతే అడగకూడదా, తెలియనప్పుడే కదా ఎవడైనా అడిగేది అన్నాడు. సరే అనేశాను. అదీగాక మైకు, కుర్చీలు, పుస్తకాలు మోసే ఆటో, అన్నీ ఆయనవే.

మొదటి సభ పేటలోనే, ఆయనకి తెలిసిన ఒక కల్యాణ మండపంలో. ముందు రోజు ఎవరిదో రిసెప్షన్ అయింది, స్టేజీ మీద పూల అలంకరణ తీయలేదు. దాని ముందు బాబాయి నాకోసం ఎర్ర మఖమల్ మహారాజా కుర్చీ వేయించాడు. నేను పొట్టి. అందులో వెనక్కి కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనలేదు. పిల్లనగ్రోవి పట్టుకున్న నెమళ్ళ మధ్య (ఆ అలంకరణ ఎవరి ఊహో నాకు తెలియదు) కాళ్ళు ఊపుకుంటూ సాహిత్యం గురించి మాట్లాడాను. బాబాయి అడిగిన మొదటి ప్రశ్న, "ఈ పుస్తకం రాయటానికి నీకు తీరిక ఎక్కడిదమ్మా?" అద్దం ముందు తయారుచేసుకున్న వాటిల్లో దీనికి జవాబు లేదు. సంతకాల వేళకి చుట్టాలు వరసగా స్టేజీ ఎక్కారు, నా పక్కన నిలబడి ఫోటోలు దిగారు, దిగిపోయారు. ఒక అత్తయ్య అలవాటు కొద్దీ నా తల మీద అక్షింతలు కూడా వేసింది. సంతకం పెడతానని పెన్ను తీస్తే మా పిన్ని అడ్డుపడింది. "మన పుస్తకం మీద నీ సంతకం ఎందుకే, ఎవురెత్తుకపోతారు?"

ఆ రాత్రి నేను అన్నం తినలేదు. అది చూసి బాబాయి మనసు కరిగింది. పిడుగురాళ్ళ సభ సంగతి నాకొదిలెయ్ అన్నాడు. వదిలేశాను. అక్కడ, సున్నపు బట్టీల రోడ్డు మొదట్లో, లారీల దుమ్ము తెల్లగా పరుచుకున్న షామియానా కింద సభ మొదలైంది. పరిచయాలు, ప్రశ్నలు అయ్యాక ఒకాయన మొహమాటంగా లేచి ఒక పుస్తకం కొన్నాడు. బాబాయి మైకు దగ్గరే ఉన్నాడు. ఇన్నేళ్ళ అలవాటు ఊరుకుంటుందా? పెళ్ళి చదివింపుల గొంతుతో, కొన్నాయన పేరూ ఊరూ చదివి, "వారు మన అమ్మాయికి ఒక పుస్తకం" అని ప్రకటించాడు. (ఆయన నాకిచ్చిందేమీ లేదు, నేనే ఆయనకి ఇచ్చాను. ఆ తేడా అక్కడ ఎవరికీ పట్టలేదు.) వెంటనే ఆయన బావమరిది లేచాడు. బావ పేరు మైకులో వినపడ్డాక తన పేరు వినపడకపోతే ఊళ్ళో తలెత్తుకోగలడా? ఆయన రెండు పుస్తకాలు తీసుకున్నాడు. ఆ తర్వాత నాకు తల ఎత్తే తీరిక లేదు. విసురు సంతకం మర్చిపోయి హాజరు పట్టీ సంతకమే గబగబా గీకుతూ పోయాను.

పుస్తకాలన్నీ అయిపోయాక కూడా జనం కదల్లేదు. నా మీద అభిమానం అనుకుని కళ్ళు తుడుచుకున్నాను. ఈలోపు ముందు వరసలో ఒక పెద్దాయన బాబాయిని దగ్గరకి పిలిచి, బంతి ఎన్నింటికి వేస్తారని అడిగాడు. చదివింపులు అయ్యాక భోజనాలు పెట్టకుండా పంపించే ఇల్లు మా పల్నాడులో ఉండదు. అది నాకూ తెలుసు, బాబాయికీ తెలుసు, తెలిసి తెలిసి మైకు పట్టుకున్నందుకు అనుభవించాలి. పక్క హోటల్లో ఉన్న బజ్జీలన్నీ, ఆ తర్వాత ఇడ్లీలన్నీ, చివరికి ఆ హోటలాయన ఇంట్లోవాళ్ళ కోసం దాచుకున్న పులిహోర కూడా తెప్పించాం. నేనే వడ్డించాను. ఒకావిడ విస్తట్లో పులిహోర పెడుతుంటే, నా చెయ్యి ఆపి, ఇంకో పుస్తకం రాస్తే ఈసారి మాంసం పెట్టమ్మాయ్ అంది.

ఇవేమీ చెప్పకుండా మేడంకి ఫోన్ చేసి పుస్తకాలు మొత్తం అయిపోయాయని గొప్పగా చెప్పాను. ఆవిడ తన పాతికేళ్ళ వ్యాపారంలో ఇలా ఎక్కడా జరగలేదని, మాచర్ల సభకి తానే వస్తున్నానని, పుస్తకాలు కూడా కారులో వేసుకొస్తానని అన్నారు. ఫోన్ పెట్టేసి తిన్నగా బాబాయి షాపుకి పరిగెత్తాను.

మాచర్లలో మైకులో ఎవరి పేరూ చదవొద్దని బాబాయి చేత ఒట్టు వేయించుకున్నాను. ఒట్టు నిలబెట్టుకున్నాడు గానీ, పిడుగురాళ్ళ కబురు అప్పటికే అక్కడికి చేరింది. పేర్లు చదువుతారట, భోజనాలు కూడా ఉంటాయట అని జనం బాగానే వచ్చి, ముందే పుస్తకాలు కొనేసి, చెవులు రిక్కించి కూర్చున్నారు. మేడం నా పక్కన ఇంకో మహారాజా కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ కాళ్ళు నేలకి ఆనాయి. కాసేపు చూసి, మైకు తీసుకుని, ఈ పుస్తకంలో మీకు ఏ కథ నచ్చిందని అడిగారు. అందరూ చేతుల్లో పుస్తకాలు ఇటూ అటూ తిప్పి చూసుకున్నారు. ఆఖరికి ఒకాయన, ఇప్పుడేగా కొన్నాం, ఇంటికన్నా పోనియ్యండి అన్నాడు. ఇంకొకాయన అట్ట మాత్రం బాగుందన్నాడు. మేడం కళ్ళజోడు మీదుగా నా వైపు చూశారు. నా రెండో పుస్తకం ఆ చూపులోనే మూతపడిపోవటం నాకు కనిపించింది.

అప్పుడు వెనక నుంచి ఒకావిడ లేచింది. పిడుగురాళ్ళలో మాంసం పెట్టమన్న అక్కే. బట్టల కొట్టు ఆవిడది, చేతిలో కొట్టు పేరున్న సంచి, అందులోంచి తీసిన నా పుస్తకం. దాని అట్ట మీద పసుపు మరకలున్నాయి. ఎవరూ మైకు ఇవ్వకముందే మొదలుపెట్టింది.

"నేను దీని కోసమే బస్సెక్కి వచ్చా. ఆ లారీ డ్రైవరు పెళ్ళాం కత ఉందే. మొగుడు ఫోనెత్తట్లా, ఆ పిల్లేమో గడప మీద కూచుంది, ఏడనో హారన్ వినపడిందని రాసి ఆపేశావు. ఆ హారన్ వాడిదా, కాదా?"

నేను నిర్ణయించుకున్న వైపే చూస్తూ, ముగింపును పాఠకులకే వదిలేశాను అన్నాను.

"మాకొదిలేస్తే మేమేం చేసేది? మా పన్లు మాకు చానా ఉన్నయ్. అది నీ పని. ఆ పిల్ల అట్టా కూచుని ఉంటే నాకు కూడు సయించట్లా."

జనం నవ్వారు. కానీ ముందు వరసలో ఎవరో, హారన్ వినపడితే వాడే అయి ఉంటాడులే, ఇంటి ముందుకొస్తే ఎవడైనా కొడతాడు అన్నారు. పిడుగురాళ్ళ రోడ్డు మీద పొద్దస్తమానం హారన్లే, ఎవడిదని చెప్పేది అని ఇంకొకాయన. ఫోను ఎత్తనివాడు ఇంటికేం వస్తాడని ఒకరు, చార్జింగు అయిపోయి ఉండొచ్చుగా అని ఒకరు. ఆ పేజీ ఎక్కడుందో వెతికి ఒకాయన పైకి చదివాడు, అందరూ చుట్టూ మూగి విన్నారు. కాసేపటికి షామియానా కింద వచ్చాడనేవాళ్ళు ఒక వైపు, రాలేదనేవాళ్ళు ఒక వైపు అయిపోయారు. బాబాయి మైకు ఆపేసి రాలేదనేవాళ్ళ వైపు వెళ్ళి నిలబడ్డాడు. నన్ను ఎవరూ సంతకం అడగలేదు, అసలు నేనక్కడ ఉన్నట్టే గుర్తులేదు ఎవరికీ. మహారాజా కుర్చీలో కూర్చుని, నేను ఇంట్లో ఒక్కదాన్నే ఊహించుకున్న మనిషి కోసం ఇంతమంది పోట్లాడుకోవటం చూస్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది. అంత సంతోషం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. మేడం నా వైపు వంగి, రెండోది ఎప్పుడిస్తావని మెల్లగా అడిగారు.

అక్కని బస్సెక్కించడానికి నేనే వెళ్ళాను. బస్టాండులో నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"వాళ్ళందరి ముందూ చెప్పలేకపోతే పోయావు. నాకు మాత్రం చెప్పు. వచ్చాడా?"

నిజానికి నాకు తెలియదు. ఎలా ముగించాలో తోచక అక్కడ ఆపేసిన కథ అది. కానీ ఆవిడ ముఖం చూశాక, "వచ్చాడక్కా" అన్నాను. అనగానే అది నిజమేనని నాకే అనిపించింది. అక్క గట్టిగా ఊపిరి వదిలింది. "మరి ఆ ముక్క రాయటానికి నీకేం రోగం?" అని బస్సెక్కి, కిటికీ పక్కన సీటు కోసం ఎవరితోనో తగువు పెట్టుకుంది.

ఇప్పుడు నా సభలు ఏసీ హాళ్ళల్లో జరుగుతున్నాయి. అడిగేవాళ్ళు పుస్తకాలు చదివే వస్తారు, శిల్పం గురించి, దృక్కోణం గురించి అడుగుతారు. పాఠకులకే వదిలేశానంటే చప్పట్లు కొడతారు. మొన్న ఆ మొదటి పుస్తకం మళ్ళీ వేస్తూ, మార్పులేమన్నా ఉన్నాయా అని మేడం అడిగారు. ఆ కథ చివరి పేజీ తెరిచి, పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వచ్చాడని రాయడానికి ఒక్క మాట చాలు, రాయలేకపోయాను. నాకిప్పుడు అన్నీ అనుమానాలే. సంతకం కూడా సరిగ్గా కుదరని ఆనాటి పిల్ల టీచరమ్మ, ఏమీ తెలియకుండానే, బస్టాండులో నిలబడి టక్కున చెప్పేసింది. దాన్ని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, దాని మీద కాస్త అసూయగా కూడా ఉంటుంది.