కెమెరా అంటే గది

కెమెరా అనే మాటకు అసలు అర్థం గది అని నాకు చెప్పింది ఒక లూథరన్ పాస్టరు. తెనాలిలో నా స్టూడియోకి ఫొటోల కోసం వచ్చేవారు. అందరిలాగే నేనూ అయ్యగారు అనేవాణ్ణి. గ్రీకు, లాటిన్ చదువుకున్న మనిషి. ప్రింట్లు ఆరేలోపు పాఠం మొదలుపెట్టేవారు. గ్రీకులో ఆ మాటకు అర్థం కమాను కప్పు. లాటిన్‌లో ఆ కప్పున్న గది. ఇటలీలో ఈనాటికీ కెమెరా కావాలని అడిగితే పడగ్గది చూపిస్తారట. ఫ్రెంచివాళ్ళు దాన్నే షాంబ్ర్ అన్నారు, జర్మన్లు కామర్ అన్నారు. గుండెలోని గదికి కూడా జర్మన్లకు అదే మాట. పూర్వం చీకటి గదిలోకి చిన్న కన్నంలోంచి వెలుతురు పడి, గోడ మీద బయటి బొమ్మ కనబడేదట. ఆ గది పేరే నా చేతిలోని డబ్బాకి వచ్చింది.

"మరైతే నీదీ గదుల వ్యాపారమేనయ్యా" అని నవ్వేవారు.

పోయిన నెల ఆయన బాపట్ల నుంచి ఫోన్ చేశారు. రిటైరై అక్కడే ఉంటున్నారు. అమ్మగారు, అంటే ఆయన భార్య, చాలాకాలం మంచాన ఉండి పోయారు. ఆదివారం ఆదరణ కూడిక, పోయినవారి ఇంట్లో అందరూ చేరి చేసే ప్రార్థన.

"తుఫానుకి ఇంట్లో నీళ్ళొచ్చి ఆల్బములన్నీ అట్టలు కట్టేశాయయ్యా. ఫోన్లో ఉన్నవన్నీ జబ్బు ముఖాలే. కళ్ళు మూసుకున్నా అదే ముఖం వస్తోంది. అప్పట్లో నువ్వు తీసిన ఆమె ఫొటో, దాని నెగటివ్ ఉంటుంది కదా?"

"ఉంటుందండి, వెతుకుతాను" అన్నాను.

పచ్చి అబద్ధం. ఎండాకాలంలోనే డార్క్‌రూమ్ ఖాళీ చేసి, నెగటివ్‌లన్నీ గోతాల్లో కట్టి, ఫిల్ములోంచి వెండి తీసే రేపల్లె మనిషికి అమ్మేశాను. జెరాక్స్ మిషన్‌కి చోటు కావాలనిపించింది, నా బుద్ధికి.

మర్నాడే రేపల్లె రైలెక్కాను. మనసు నిలవక ఫోన్లో ఆ కెమెరా మాటే వెతుక్కున్నాను. రష్యన్‌లో జైలు గదిని కూడా కెమెరా అనే అంటారట. ఈ ముక్క అయ్యగారు చెప్పలేదు. నాకు తగిన గది అదేననుకున్నాను.

రేపల్లె మనిషి తన షెడ్డులో గోతాం విప్పి నా ముందు కుమ్మరించాడు. "మందులో కడిగేశామండి. ఉత్త ప్లాస్టిక్కే బాబాయ్ గారూ, ఇంకేం ఉండదు."

నేను వినలేదు. ఒక్కో ముక్కా తీసి ఎండకు పట్టి చూశాను. ఏ ముక్కలోనూ ఏమీ లేదు. ఎన్ని పెళ్ళిళ్ళు, ఎంతమంది మనుషులు, అన్నీ నా చేత్తోనే ఇచ్చేశాను. మధ్యాహ్నం దాకా వెతికి బాపట్ల బస్సెక్కాను.

అయ్యగారికి జరిగింది చెప్పేశాను. తిడితే బాగుండేది. ఆయన కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నారు.

"పోనీలేవయ్యా. తీసింది నువ్వే కదా, నీకు గుర్తుండే ఉంటుంది. ఆమె ముఖం ఎలా ఉండేదో చెప్పు."

నోరు తెరిచాను. అమ్మగారు కూర్చున్న స్టూలు గుర్తుంది. ఎడమవైపు లైటు కాస్త వెనక్కి జరపడం, గడ్డం దించమని చెప్పడం గుర్తున్నాయి. ముఖం మాత్రం రావడం లేదు.

"చెప్పు నాయనా, వింటున్నాను" అన్నారు అయ్యగారు, కళ్ళు మూసుకుని.