కిటికీలకు ఆముదం

మొన్న ఒక పాతకాలపు చిన్న విమానానికి పక్కకు జరిపే కిటికీలు బిగించాను. అద్దం జారే గాడిలో మెత్తటి పట్టీ అంటించి, దాని మీద తెల్లపొడి చల్లగానే తెలిసిన వాసనేదో తగిలి నవ్వొచ్చింది.

మా నాయన గిద్దలూరులో బస్సులకు అద్దాలు బిగించేవాడు. నా ఎనిమిదో ఏట ఒక కొమరోలు బస్సుకు కొత్త పట్టీలు వేసి టీ తాగడానికి వెళ్లాడు. ఆముదం రాస్తే నా జడలో దువ్వెన ఎంత బాగా జారేదో నాకు తెలుసు కదా! గాళ్లన్నిటికీ ఆముదం పట్టించాను.

ఆ బస్సులోనే ఇద్దరం ఇంటికి బయల్దేరాం. బస్సు కదిలితే అద్దాలన్నీ వెనక్కి, బ్రేకు వేస్తే ముందుకు పరిగెత్తాయి.

"ఏందబ్బాయా, కిటికీలకు దయ్యం పట్టిందా ఏంది?" అంది మేకపిల్లను పట్టుకున్న అవ్వ.

నాయన గాడిలో వేలు పెట్టి, వాసన చూసి, నా జడ వైపు తిరిగాడు.

"జారాలని పూసినావా?"

"అవు నాయనా."

"జారితే చాలదు పాపా. ఆపిన కాడ ఆగాల."

ఇంటికొచ్చాక నా మార్కాపురం బలపాలన్నీ రోట్లో దంచి, మర్నాడు ఆ పొడి బస్సు గాళ్లలో చల్లి నూనె పీల్పించాడు. బలపాలు దంచి నన్ను శిక్షించాడనుకుని ఆ సాయంత్రమంతా ఏడ్చాను.

విమానం పుస్తకంలో ఈ తెల్లపొడికి ఏదో దొరల పేరుంది. వేళ్ల మధ్య నలిపి చూశాను. మా బలపమే.

అద్దం సగం జరిపి చెయ్యి తీశాను. ఆపిన కాడే ఆగింది.