మార్కమ్‌లో వజ్రాల సభ

మా జిల్లాలో తొలకరి పడితే జనం విత్తనాలకంటే ముందు వజ్రాల కోసం పొలాల్లోకి దిగుతారని నేను క్లాసులో చెప్పినప్పుడు ఒక్కరూ నమ్మలేదు. కర్నూలు జిల్లాలో మా ఊరి చుట్టూ ఉన్న ఎర్రనేలల్లో అవి నిజంగానే దొరుకుతాయి. మొదటి వాన పైమట్టిని కడిగేస్తుంది. అంతే, పక్క జిల్లాల నుంచి కూడా సద్దిమూటలతో వచ్చేస్తారు. ఒంగిన నడుము ఎత్తకుండా, మట్టి మీద నుంచి చూపు తిప్పకుండా పొద్దుగూకేదాకా నడుస్తూనే ఉంటారు. మా అమ్మ ఏటా వెళ్తుంది. డిగ్రీ అయ్యేదాకా నేనూ వెళ్లాను. నాకు దొరికినవన్నీ గాజుపెంకులే, అది వేరే సంగతి.

అప్పుడు నేను కెనడాలో, టొరంటో పక్కనున్న మార్కమ్‌లో ఒక కాలేజీ క్యాంపస్‌లో సప్లై చైన్ డిప్లొమా చదువుతున్నాను. టొరంటోలో దిగే ప్రతి విమానం నిండా మన పిల్లలే అన్నట్టుండే రోజులవి. అద్దెకిచ్చే బేస్‌మెంట్లలో చోటు లేదు, పార్ట్‌టైం ఉద్యోగం ఎక్కడుందంటే అక్కడ బారులు, బస్సెక్కితే తెలుగు వినపడని రోజు లేదు. వారాంతాల్లో ఎటోబికోలో ఎయిర్‌పోర్టు దగ్గర ఒక వేర్‌హౌస్‌లో పెట్టెలకు లేబుళ్లు అతికించేదాన్ని. సోమవారం క్లాసులో నిద్ర ముంచుకొచ్చేది. ఆ వేసవి టర్ములో మాత్రం కన్ను మూతపడితే ఒట్టు. సార్ పాఠంగా తీసుకున్నది వజ్రాలను మరి.

ఆఫ్రికాలో కొన్నిచోట్ల తిరుగుబాటు ముఠాలు గనులు ఆక్రమించుకుని, జనాన్ని భయపెట్టి తవ్వించి, ఆ రాళ్లు అమ్మి తుపాకులు కొన్నాయి. ఆ రాళ్లే ఎక్కడో ఎవరి నిశ్చితార్థానికో ఉంగరాలయ్యాయి. దాన్ని ఆపడానికి దేశాలన్నీ కూర్చుని కింబర్లీ సర్టిఫికెట్ అనే పద్ధతి పెట్టుకున్నాయి. సానపట్టని వజ్రం సరిహద్దు దాటాలంటే సీలు వేసిన పెట్టెలో ఉండాలి, వెంట ప్రభుత్వం ఇచ్చిన కాగితం ఉండాలి. లేకపోతే అవతలి దేశం తీసుకోకూడదు. వినేసరికి నాకు ఒళ్లు ఝల్లుమంది. శనివారమంతా విసుక్కుంటూ నేను అతికించే లేబుల్ లాంటిదే ఒకటి యుద్ధానికి డబ్బు అందకుండా చేయగలదంటే, ఆ చదువు మీద మొదటిసారి గౌరవం కలిగింది.

నా నోట్లో నువ్వుగింజ నానదు. చేయెత్తి మా తొలకరి భాగోతమంతా చెప్పేశాను. రాయి దొరికిన రోజే వ్యాపారి వచ్చి నోట్ల కట్ట చేతిలో పెట్టి పోతాడనీ, బిల్లూ గిల్లూ ఉండవనీ కూడా చెప్పాను. "అయితే మీ ఊరి రాయికి ఎయిర్‌పోర్టులోనే ఆగిపోయే రాత" అన్నారు సార్. క్లాసంతా నవ్వింది, అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

నా పక్క సీట్లో ఆమె నవ్వలేదు. ఆమెది పశ్చిమ ఆఫ్రికాలో ఒక చిన్న దేశం. నాకంటే కొన్నేళ్లు పెద్దది కాబట్టి మొదటి వారమే అక్కా అన్నాను. అర్థం అడిగి తెలుసుకుంది. ఆ తర్వాత పేరు పెట్టి పిలిస్తే పలకడం మానేసింది. క్లాసు అయ్యాక మెట్ల దగ్గర నన్ను ఆపింది.

"ఆ పొలాలకి కాపలా ఎవరు?"

"ఎవరూ ఉండరక్కా. వేరుశనగ చేను తొక్కుతున్నామని రైతు తిడతాడు, అంతే."

"కాల్చరా?"

నేను వెర్రిదానిలా చూశాను. అప్పుడు చెప్పింది. వాళ్ల ఊరి పక్కన పెద్ద గని ఉంది. గని వాళ్లు పారబోసిన మట్టిని జల్లెడ పట్టుకుంటే ఏదైనా చిన్న రాయి దొరకొచ్చని ఆమె తమ్ముడు కంచె దాటి వెళ్లాడు. కాల్చింది తిరుగుబాటుదారు కాదు, గని కాపలావాడు. సంఘర్షణ వజ్రం అంటే ప్రభుత్వం మీద తిరగబడే ముఠాలకు డబ్బు చేర్చే రాయి అని మాత్రమే కింబర్లీ నియమంలో ఉంది. కాపలావాళ్ల మాట, సైనికుల మాట అందులో లేదు. "మా తమ్ముడు పడిపోయిన చోట తవ్విన రాయికి కాగితం ఉంటుంది. లెక్కప్రకారం అది శుభ్రమైన రాయి" అంది. ఏడవలేదు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

మరుసటి వారం సార్ ఒక ఉత్తుత్తి సభ పెట్టారు. క్లాసంతా దేశాలుగా విడిపోవాలి, కాపలావాళ్లనీ సైనికులనీ కూడా చేర్చి ఆ నియమాన్ని మార్చాలా వద్దా అని చర్చించాలి. నిజమైన సభలో ఓట్లుండవు. అందరూ ఒప్పుకోవాలి, ఏ ఒక్కరు కాదన్నా అక్కడితో ఆగిపోతుంది. ఈ మార్పు ఏళ్లతరబడి అలాగే ఆగిపోతోందని సార్ చెప్పారు. చీటీలు తీశాం. నాకు అధ్యక్షస్థానం వచ్చింది. ఎగిరి గంతేశాను. అక్కకి ఆమె సొంత దేశమే వచ్చింది. మార్చుకుంటారా అని సార్ మెల్లగా అడిగితే అక్కర్లేదంది. ఆమె దేశానికి ఇచ్చిన సూచన ఒక్కటే: అభ్యంతరం చెప్పాలి. పాత్రకు కట్టుబడి ఉంటేనే మార్కులు.

ఆ వారం నేను నిలకడగా కూర్చుంటే ఒట్టు. అధ్యక్షురాలు తటస్థంగా ఉండాలని సార్ రెండుసార్లు హెచ్చరించారు గానీ, తటస్థం మా వంశంలోనే లేదు. బస్సులో, కేంటీన్‌లో, లైబ్రరీ లిఫ్టులో కనపడిన ప్రతి దేశాన్నీ పట్టుకుని బతిమాలాను. పంజాబీ అమ్మాయి వెంటనే ఒప్పుకుంది. బ్రెజిల్ అబ్బాయి గంటసేపు వాదించి ఒప్పుకున్నాడు. మా తెనాలి కుర్రాడికి వజ్రాల బజారుండే దేశం వచ్చింది. వాడు మాత్రం బిగుసుకు కూర్చున్నాడు.

"మాది వ్యాపారం అమ్మాయ్. నియమం మారితే సరుకు తగ్గుద్ది. నా మార్కులు పోతే నువ్విస్తావా?"

ఆ ఆదివారం మా బేస్‌మెంట్‌కి పిలిచి కోడి పులుసు పెట్టాను. రెండోసారి అన్నం కలుపుకుంటూ, తన దేశం పునరాలోచిస్తుందన్నాడు.

మధ్యలో ఒక పొద్దున క్లాసుకి ముందు అమ్మ వీడియో కాల్ చేసింది. అక్కడ సాయంత్రం, వాన వెలిసింది, అమ్మ పొలంలోనే ఉంది. ఫోను అక్క వైపు తిప్పాను. ఎర్రమట్టిలో గొడుగులు పట్టుకున్న ఆడవాళ్లు, పిల్లలు, సైకిళ్లు, ఒక ఐస్‌ఫ్రూట్ బండి. అక్క రెప్ప వేయకుండా చూసింది.

"ఆ యమ్మ ఎవరే, అట్ల చూస్తాంది?" అంది అమ్మ.

"మా క్లాసులో అక్క. వాళ్ల దేశంలో కూడా వజ్రాలు దొరుకుతాయంట."

"అట్లనా? ఈసారి వచ్చేటప్పుడు పిల్చుకోని రా. ఆ యమ్మ హస్తవాసి ఎట్లుంటాదో సూద్దాం."

అది ఇంగ్లీషులో చెబితే అక్క నవ్వింది. ఆమె పళ్ళు కనపడేలా నవ్వడం నేను చూసింది అప్పుడే. ఆ నవ్వు చూశాక నాకు ఆశ ఇంకా పెరిగింది.

కానీ సభ ముందురోజు లైబ్రరీలో ఆమె అభ్యంతరాన్ని సాధన చేస్తోంది. నెమ్మదైన ఆఫీసరు గొంతుతో, తడబడకుండా. "మా ప్రభుత్వం ఈ మార్పును అంగీకరించలేదు." ఇంత చేసి చివరికి ఈమే కాదంటుందా అని తెనాలి వాడి దగ్గరికి పరిగెత్తాను. ఆమె తమ్ముడి సంగతి వాడికి కూడా తెలుసు.

"ఆమే నిదానంగా ఉంటే నీకెందుకంత ఆరాటం? కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మాయ్?" అన్నాడు వాడు. నాకు ఒళ్లు మండి, ఆ రోజు వాడితో మళ్లీ మాట్లాడలేదు.

సభ రోజు అందరం ఉన్నవాటిలో మంచి బట్టలు వేసుకొచ్చాం. బల్లల మీద దేశాల పేర్లు పెట్టారు. నేను మధ్యలో కూర్చుని ఒక్కొక్క దేశాన్నీ మాట్లాడమన్నాను. తెనాలి వాడు కోటు వేసుకుని లేచి, వ్యాపారానికి కూడా మనస్సాక్షి అవసరమేనన్నాడు. కోడి పులుసు ఊరికే పోలేదు. అక్క వంతు వచ్చింది. తన ప్రభుత్వం చర్చను గమనిస్తోందని మాత్రం చెప్పి కూర్చుంది.

ఇక మార్పు చదవాలి. లేచి నిలబడి చదివాను.

"వజ్రం తవ్వేచోట జనం మీద తుపాకీ పేల్చింది తిరుగుబాటుదారైనా, సైనికుడైనా, గని కాపలావాడైనా, ఆ రాయి సంఘర్షణ వజ్రమే."

తర్వాత అడగాల్సింది అడిగాను. "ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

అందరూ అక్క వైపు చూశారు. ఆమె ముందు అభ్యంతరం కాగితం ఉంది. దాన్ని రెండు చేతులతో సరిచేసి, బోర్లించి, మీద తన నీళ్ల సీసా పెట్టింది. ఇంకాసేపు ఆగడం నా వల్ల కాలేదు.

"ఆమోదించాం" అని బల్ల మీద చరిచాను.

పంజాబీ అమ్మాయి ఈల వేసింది. తెనాలి వాడు కోటు విప్పి గాల్లో తిప్పాడు. నేను కుర్చీలోంచి లేచి గెంతాను, అధ్యక్ష మర్యాద ఏమైపోయిందో తెలియదు.

సార్ చేయెత్తి అందరినీ ఆపారు. ఆయన గొంతులో కోపం లేదు. "నిజమైన సభలో మీ దేశం ఇలా ఊరుకోదు. మీరు పాత్రలో లేరు. దీనికి నేను మార్కులు వేయలేను" అన్నారు అక్కతో.

"తెలుసు సార్. వేయొద్దు" అంది. తర్వాత నా వైపు తిరిగింది. సభలో మాట్లాడే పద్ధతిలోనే, నిటారుగా నిలబడి అడిగింది.

"మేడమ్ చైర్, ఆ వాక్యం ఇంకొకసారి చదువుతారా? చివర్లో మా తమ్ముడి పేరు కలపండి."

పేరు చెప్పింది. మళ్లీ మొదటినుంచి చదివాను. పేరు దగ్గర నా నాలుక తిరగలేదు. ఆమె విసుక్కోకుండా సరిచేసింది. ఇంకోసారి చదివాను, ఈసారి సరిగ్గా పలికాను.