కరీముల్లా చెక్కిన ఇంజిన్ నంబరు

2023 ఫిబ్రవరి. మార్కాపురంలో మూతపడిన ఒక పలకల ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డు. అక్కడ ఉన్నవాళ్లు: బండి యజమాని మస్తాన్ వలి, ఆయన బావమరిది కరీముల్లా, నేను. ఉన్న వస్తువులు: రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి అమెరికన్ మోటారుసైకిలు ఒకటి, టార్చి, భూతద్దం, వెర్నియర్ కొలబద్ద, నా చెక్‌లిస్టు.

పాత అమెరికన్ బండ్లు కొనేవాళ్ల తరఫున ముందుగా వెళ్లి పరీక్షించి రిపోర్టు రాయడం నా పని. చదివింది మెకానికల్, ఊరు గిద్దలూరు. యుద్ధం ముగిశాక సైన్యం వేలం వేసిన బండ్లు కొన్ని ఇలాంటి ఊళ్లలో ఇప్పటికీ దొరుకుతాయి. మస్తాన్ వలి దగ్గరున్నది కంపెనీ కొద్దిసంఖ్యలో తయారుచేసి ఆపేసిన మోడల్. బెంగళూరులో ఉండే ప్రభాకర్ గారు ఫొటోలు చూసి ధర ఒప్పుకున్నారు. మధ్యాహ్నం పన్నెండుకు ఆయన మార్కాపురం రావాలి. నేను తొమ్మిదికే వచ్చాను.

మస్తాన్ వలిని మామా అని పిలిచేవాణ్ణి. ముప్పై ఏళ్లుగా ఉంచుకున్న బండిని ఆయన అమ్మడానికి కారణం ఒకటే. వాళ్ల ఇల్లు షెడ్డును ఆనుకున్న మిద్దె మీద. ఆయన భార్య నూర్జహాన్ అత్తకు మోకాళ్లు పోయాయి, మెట్లు ఎక్కలేకపోతోంది. కింద షెడ్డు పక్కన ఉన్న స్టోరు గదిలో మంచం వేసుకుని ఉంటోంది. బండి డబ్బుతో అక్కడే ఒక గది, దానికి ఆనుకుని బాత్రూము కట్టాలని అనుకున్నాడు.

టైర్లు, ఫోర్కు, ట్యాంకు, గేర్‌బాక్సు చూసి టిక్కులు పెట్టుకుంటూ పోయాను. తర్వాత నంబర్ ప్యాడ్ దగ్గరికి వచ్చాను. ఇంజిన్ ఎడమవైపు నంబరు కొట్టే చదునైన చోటు అది. ఆ కాలం నాటి ఈ బండ్లకు ఫ్రేము మీద నంబరు ఉండదు. ఇంజిన్ మీది నంబరే బండికి పేరూ, పుట్టిన సంవత్సరమూ.

ప్యాడ్ అద్దంలా మెరుస్తోంది. దాని మీద నంబరు ఎంతో అందంగా ఉంది. నాలుగు అంకెకు చిన్న తోక కూడా ఉంది.

"ఎట్లుంది అల్లుడూ? మా కరీముల్లా చేతిపని," అన్నాడు మామ.

కరీముల్లా శంకుస్థాపన రాళ్ల మీదా, సమాధుల మీదా పేర్లు చెక్కుతాడు. పాత నంబరు తుప్పూ ఆయిలూ పట్టి చదవడానికి రాకుండా ఉందని, ఆకురాయితో నున్నగా తీసేసి, అవే అంకెలను అదే వరుసలో మళ్లీ చెక్కాడు. రెండు రోజుల పని. పలకల ఊళ్లో రాయి మీది అక్షరం అరిగితే చేసేది అదే.

చెరిపి మళ్లీ కొట్టిన నంబరు చూస్తే కొనేవాడికి వచ్చే మొదటి అనుమానం దొంగబండి అని. రెండోది, వేరే ఇంజిన్ తెచ్చి ఈ మోడల్ అని అమ్ముతున్నారని.

"ఎవరు చెప్పినారు మామా ఇట్ల చేయమని?"

"నువ్వే కదా. నంబరు బాగా కనపడేటట్ల శుభ్రం చేసి పెట్టమంటివి ఫోన్‌లో."

అన్నాను. అచ్చం ఆ మాటే అన్నాను. కిరసనాయిలు, గుడ్డ అని చెప్పలేదు. గీరొద్దని చెప్పలేదు.

సంగతి వివరించేసరికి కరీముల్లా ముఖం మాడిపోయింది. అంచులు మొద్దు చేసి, యాసిడ్ తగిలించి, మసి పూస్తే పాతదాని మాదిరే అవుతుందన్నాడు. "పాత సమాధులకు చేస్తానే ఉంటా. నువ్వు కూడా కనుక్కోలేవు." నిజం చెప్పాలంటే ఒక నిమిషం నేను వద్దనలేదు. గడియారం చూశాను. పది నలభై.

మస్తాన్ మామే వద్దన్నాడు. "తెలీక చేసింది తప్పు. ఇప్పుడు చేసేది మోసం."

బండి కింద పడుకుని బెల్లీ నంబర్ల కోసం గీరాను. ఇంజిన్ అడుగున రెండు సగాలకూ ఫ్యాక్టరీలో జతగా కొట్టే చిన్న అంకెలు అవి. మడ్డి కింద రెండూ దొరికాయి, రెండూ ఒకటే. ఇంజిన్ సగాలు మారలేదని దానితో తేలుతుంది. పైన పోయిన నంబరు ఏదో మాత్రం తేలదు. ఆర్‌సీలో అంకెలున్నాయి గానీ, అవి గుమాస్తా చేత్తో రాసినవి. పాత నంబరు ఫ్యాక్టరీ పంచ్‌తో కొట్టిందేనని చూపడానికి ఆ అంకెల ఆకారం కావాలి.

మా మాటలు వింటున్న నూర్జహాన్ అత్త స్టోరు గదిలోంచి పిలిచింది. ముప్పై ఏళ్ల కింద బండి అమ్మిన గిద్దలూరు షావుకారు పేరు నుంచి దాన్ని వీళ్ల పేరుకు మార్చిన రోజు, ఆర్టీవో ఏజెంటు ఇంజిన్ మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాడంట. "మొదటిసారి వంకర పడిందని ఇంకోటి తీసినాడు. ఆ వంకరది నేను పారేయలే. మీ మామ కాగితం కనపడితే చాలు బీడీ ముట్టిచ్చుకుంటాడు, అందుకని దాచినా."

అది పెన్సిల్ ప్రింట్. పేరు మార్పిడికి నంబరు అచ్చును అలా తీసి అతికిస్తారు. పాత శుభలేఖల సంచిలో నుంచి దాన్ని వెతికి తీసేసరికి పదకొండున్నర. కాగితం పచ్చబడింది, ఒక మూల ఎలుక కొట్టింది. అంకెలన్నీ ఉన్నాయి. నాలుగుకు తోక లేదు.

ప్రభాకర్ గారు కారు దిగగానే, బండి చూడకముందే జరిగింది చెప్పాను. ఆయన చొక్కా మాస్తుందని చూడకుండా పలకల దుమ్ములో పడుకుని ఇంజిన్ అడుగు చూశారు. ప్రింటును భూతద్దం కింద పెట్టి, ఫోన్‌లో దాచుకున్న అసలు అంకెల నమూనాలతో ఒక్కొక్కటీ పోల్చారు. మామ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నంబరు తుడవమన్నది ఎవరు?"

"నేనే సార్."

ఆయన చొక్కా దుమ్ము దులుపుకున్నారు. తర్వాత మామతో అన్నారు. "బండి అసలుదే, మీరు అబద్ధం చెప్పలేదు. కానీ నంబరు అసలుది కాదు. నేను రేపు అమ్మితే ఈ కథంతా చెప్పుకోవాల. పాత ధర ఇయ్యలేను."

మూడో వంతు తగ్గించారు. మామ కరీముల్లా వైపు చూడలేదు, నావైపూ చూడలేదు. సరేనన్నాడు. నంబరు సంగతి ఆర్టీవో ఆఫీసుకు రాసిచ్చే బాధ్యత నేను తీసుకున్నాను. నా కమిషన్ వదులుకున్నాను, కానీ దానితో ఆ లోటు పూడలేదు.

ఈ కేసు నేర్పింది ఇది. యజమానికి చేయాల్సిన పని ఒక్కటి చెబితే, చేయకూడనివి అన్నీ చెప్పాలి. మనం వాడే మాటను అవతలి మనిషి తన పనిముట్టుతో అర్థం చేసుకుంటాడు. ఇప్పుడు సూచనలన్నీ రాసి పంపుతాను, వాళ్ల చేత చదివించి, తిరిగి చెప్పించుకుంటాను.

ఆ ఆగస్టులో వాళ్ల ఇంటికి వెళ్లాను. గది లేచింది. బాత్రూముకు డబ్బు చాలలేదు, పెరట్లో ఉన్న పాతదే వాడుతున్నారు. అత్త గోడ పట్టుకుని నడుస్తోంది. టేపు నా జేబులో ఎప్పుడూ ఉంటుంది. మంచం నుంచి పెరటి బాత్రూము తలుపు దాకా కొలిచాను. నలభై ఒక్క అడుగులు.